గుడివాడ నీళ్ల లెక్క

నా ఎడమ చేతికి రెండు గాజులున్నాయి. రెండూ చిలకలపూడివే, అంటే రాగి మీద బంగారు పూత. ఇవి వేసుకుని ఈ రోజుకి నూట ఇరవై రోజులు. అరచేతి వైపు గాజుకి అతుకు దగ్గర రంగు కాస్త పలచబడింది. మోచేతి వైపుది బాగానే ఉంది. ఇది నిన్న సాయంత్రం ఎండలో చూసి రాసుకున్న మాట.

మా తమ్ముడి కూతురి భర్తకి చిలకలపూడిలో పూత వేసే చిన్న షెడ్డు ఉంది. పూత పద్ధతి మార్చినప్పుడల్లా మొదటి నగ నాకే ఇస్తాడు. ముచ్చట కోసం కాదు. నేను దాంతోనే స్నానం చేస్తాను, దాంతోనే అంట్లు తోముతాను, చేపలు కడుగుతాను. రంగు ఏ రోజు దిగిందో రాసి ఇస్తాను. ఆ అంకె చూసి అతను గ్యారంటీ కార్డు మీద నెలలు వేయిస్తాడు. ఇలా ఎనిమిదేళ్లుగా జరుగుతోంది.

ముప్పైమూడేళ్లు గుడివాడలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. రోజూ పుస్తకం రాసే అలవాటు అప్పటిదే. నా కళ్లతో చూసింది సిరాతో రాస్తాను. ఒకరు చెప్పగా విన్నది పెన్సిలుతో రాస్తాను. గ్యాసు బండ మార్చిన తేదీ సిరాలో ఉంటుంది. ఎదురింటావిడ మనవడికి పరీక్షలో వచ్చిన మార్కులు పెన్సిల్లో ఉంటాయి.

కంటి ఆపరేషను కోసం కిందటేడు కాదు, అంతకుముందు ఏడాది నవంబరులో గుడివాడ ఇల్లు ఖాళీ చేసి బందరు వచ్చేశాను. అప్పటినుంచి మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. తమ్ముడి కూతురే అయినా అమ్మాయి అనే పిలుస్తాను, పిల్లలు లేనిదాన్ని. ఆపరేషను తర్వాత ఏడాదిపాటు నగల పరీక్షలు నేను చేయలేదు. మెడలో వేసుకునే పని అమ్మాయిది, రాసే పని నాది అనుకున్నాం.

అమ్మాయి వీడియోలు తీస్తుంది. ఇల్లు, వంట, చీర, మొక్కలు, వాటి మధ్యలో మెడలో మా షెడ్డు నగ. చూసినవాళ్లు నగ ఎక్కడిదని అడుగుతారు, అమ్మాయి పార్సిల్ పంపుతుంది. నేను వచ్చేసరికి ఆ వ్యాపారం బాగానే నడుస్తోంది. హాలులో ఒక మూల తెల్ల పరదా కట్టి ఉండేది. ఆ మూల ఎవరూ కూర్చోకూడదు. తెల్ల పింగాణీ పళ్లాలు ఆరు ఉండేవి. వాటిలో ఎవరూ తినకూడదు. ఒకరోజు కాఫీ పోసే దృశ్యం కోసం పదకొండుసార్లు పోశారు. రెండు కప్పులు మేం తాగాం, తొమ్మిది తులసి కుండీలోకి వెళ్లాయి. పక్క వాటావాళ్ల కుండీ అది. వాళ్లు ఆ వారమంతా మొక్క ఎందుకు వాడిపోతోందో అర్థంకాక మందు కొట్టారు. నేను నోరు మెదపలేదు.

తర్వాత ఏమైందో గాని, ఆగస్టు చివరి వారంలో అమ్మాయి ఫోను చూసుకుంటూ కూర్చుని, ఇక జనానికి అందం అక్కర్లేదట అంది. అన్నీ సహజంగా ఉండాలట. ఉన్నది ఉన్నట్టు చూపించినవాళ్లనే చూస్తున్నారట.

మంచిదే కదా, ఖర్చు తగ్గుతుందనుకున్నాను. తెల్ల పరదా తీసేశారు. పింగాణీ పళ్లాలు అటక ఎక్కాయి, స్టీలు కంచాలు కిందికి దిగాయి. అంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా అమ్మాయి సహజంగా చాలా శుభ్రమైన మనిషి. తిన్న కంచం చెయ్యి కడుక్కునేలోపు కడిగి బోర్లిస్తుంది. వీడియోలో సింకు నిండా అంట్లుండాలి. మా ఇంట్లో అంట్లు ఉండవు. అందుకని కడిగిన గిన్నెలకు పప్పు పూసి సింకులో పెట్టింది. ఆ గిన్నెలు మూడు వీడియోల్లో కనిపించాయి. మూడో దాంట్లో పప్పు ఎండి పెచ్చులూడుతోంది. ఎవరో కింద రాశారు: "అక్కా, అచ్చం మా ఇల్లే."

ఇదివరకు వీడియో ముందు తయారవడానికి అమ్మాయికి నలభై నిమిషాలు పట్టేది. ఏమీ తయారవనట్టు కనబడడానికి గంటా ఐదు నిమిషాలు పడుతోంది. గోడ గడియారం చూసే చెబుతున్నాను. జుట్టు దువ్వి, ముడి వేసి, ముడిలోంచి ఏడెనిమిది వెంట్రుకలు ఎంచి లాగాలి. ఎక్కువ లాగితే జబ్బు మనిషిలా ఉంటుంది, తక్కువ లాగితే పెళ్లికి వెళ్తున్నట్టుంటుంది.

క్రిస్మస్ ముందు ఇంటికి రంగు వేయించారు. వంటింటి గోడ మీద చెమ్మ మచ్చ ఒకటి ఉండేది. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అసలైన లోపం అది. అమ్మాయి ఆ మచ్చ దగ్గర నిలబడి రంగులవాడిని బతిమాలి అంతవరకు వదిలేయమంది. అతను వదిలేశాడు. మాకు రంగు చాల్లేదని వీధంతా చెప్పాడు. అల్లుడు ఆ మాట విని నొచ్చుకుని రంగు డబ్బాలో మిగిలింది తెచ్చి అరుగు మీద అందరికీ కనబడేలా పెట్టాడు. ఆ డబ్బా కూడా వీడియోలో వచ్చింది.

ఏడుపు సంగతి కూడా చెప్పాలి. వారానికి ఒకసారి ఫోను ముందు కూర్చుని తన బలహీనతలు చెప్పి కళ్లు తుడుచుకోవాలట. ఇది మాత్రం నాకు కొత్త కాదు. మా చర్చి సంఘంలో ఆదివారం అందరి ముందు లేచి తమ తప్పులూ కష్టాలూ సాక్ష్యంగా చెప్పే అలవాటు మా అమ్మ కాలం నుంచీ ఉంది. గుడివాడలో స్త్రీల సమాజానికి పంతొమ్మిదేళ్లు మినిట్సు రాశాను. ఎవరు ఎన్ని నిమిషాలు చెప్పారో, ఎక్కడ కన్నీళ్లు పెట్టుకున్నారో రాసేదాన్ని. ఒకావిడ నాలుగేళ్ల తేడాతో ఒకే ఏడుపు ఏడ్చింది. నేను చూపించేదాకా ఆవిడకే గుర్తులేదు. అయితే సాక్ష్యంలో ఒక సుఖం ఉంది. చెప్పేవాళ్ల గురించి వినేవాళ్లకి ముందే తెలుసు. వీధి చివరి కొళాయి దగ్గర అందరూ రోజూ కలిసేవాళ్లే. ఎక్కువ కలిపి చెబితే వెనక వరసలోంచి దగ్గు వినిపించేది. ఫోనులో దగ్గేవాళ్లు లేరు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది గాని, ఇంట్లో పరిస్థితి నవ్వేలా లేదు. ఎక్కడో మిషన్ల మీద దించిన నగలు చవకగా వచ్చేస్తున్నాయి. షెడ్డులో నలుగురు పనివాళ్లలో ఇద్దరు వెళ్లిపోయారు. వేసవి పెళ్లిళ్లకు సరిపడా ఆర్డర్లు రాకపోతే షెడ్డు మూసేసి, విజయవాడలో ఒక షాపులో సేల్స్‌మన్‌గా చేరతానని అల్లుడు జనవరి ఒకటో తారీఖున అన్నం దగ్గర చెప్పాడు. ఆ షాపులో అమ్మేవి ఆ మిషను నగలే. చెప్పి, పెరుగు వేసుకోకుండా లేచాడు. అది కూడా సిరాతోనే రాశాను.

వారం తిరక్కుండా అమ్మాయి ఒక వీడియో పెట్టింది. మెడలో గొలుసు పట్టుకుని, "ఇది ఏడాది నుంచి నా మెడలోంచి తీయలేదండీ, స్నానానికి కూడా. చూడండి, ఎలా ఉందో" అంది. జుట్టు చెదిరి ఉంది. వెనక చెమ్మ మచ్చ ఉంది. అన్నీ సహజంగా ఉన్నాయి, ఆ ఒక్క మాట తప్ప.

నేను పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. మొదటి గొలుసు జనవరి ఆరున వేసుకుంది, జూన్ రెండున తీసింది. రెండోది అక్టోబరు పంతొమ్మిదిన తీసింది. ఇప్పుడు మెడలో ఉన్నది మూడోది.

అమ్మాయి పుస్తకం వైపు చూడలేదు. అందరూ ఏడాదే అంటారు, నేను ఆరు నెలలంటే నా దగ్గర ఎవరు కొంటారంది. నీ సింకులో గిన్నెలకు పప్పు పూస్తే నాకేం అభ్యంతరం లేదు, ఎవరికీ నష్టం లేదు, ఇది మాత్రం ఒకావిడ నమ్మి మెడలో వేసుకునే వస్తువు అన్నాను. చివరికి అమ్మాయే అంది:

"సరే అత్తా, నువ్వే చెప్పు. నువ్వు వేసుకున్న గొలుసు ఎన్నాళ్లుందో అదే చెప్పు. నీకంటే సహజమైనవాళ్లు నాకెక్కడ దొరుకుతారు?"

చెప్పాను. ఆ గొలుసు గుడివాడలో, ఇల్లు ఖాళీ చేయడానికి ముందటి ఏడాది ఆగస్టు పద్నాలుగున వేసుకున్నాను, మరుసటి ఏప్రిల్ ఇరవై ఐదున కొక్కెం దగ్గర రాగి కనిపించింది. ఎనిమిది నెలల పదకొండు రోజులు. ఫోను ముందు కూర్చుని ఇదే చెప్పాను. అమ్మాయి ఆపి, మరీ పాఠం అప్పజెప్పినట్టుంది, కాస్త తడబడి, "ఏదో ఎనిమిదో తొమ్మిదో నెలలనుకుంటా" అని చెప్పమంది. తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా చెప్పను? తడబడకుండానే మళ్లీ చెప్పాను. అదే పెట్టింది.

మర్నాడు కింద వచ్చిన మాటలు చదివి వినిపించింది. నూట నలభై మూడు వచ్చాయి. అరవై ఒకటి నా చీర గురించి. పందొమ్మిది మంది ఇది నటన అని తేల్చారు. "మామ్మ చేత డైలాగు బాగా బట్టీ పట్టించారు, మా అమ్మమ్మకి పొద్దున్న తిన్నదే గుర్తుండదు" అని ఒకరు రాశారు. పప్పు పూసిన గిన్నెలను నమ్మినవాళ్లు నన్ను నమ్మలేదు. అమ్మాయి నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు వస్తోంది.

నమ్మినావిడ ఒక్కరే. జనవరి ఇరవై ఎనిమిదిన దివిసీమ నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఒక సంఘంలో స్త్రీల సమాజం సెక్రటరీ గారట. ఫిబ్రవరి ఆఖరున వాళ్లకు వార్షిక కూడిక ఉంది. పాటలు పాడే నలభై మంది ఒకేలా గొలుసు, దుద్దులు పెట్టుకోవాలనుకున్నారు. కూడిక అయ్యాక రోజూ వాడుకుంటారు. నాతోనే మాట్లాడతానన్నారు.

"ఆ పదకొండు రోజులు మీరు నిజంగా లెక్కపెట్టారా అండీ?"

లెక్కపెట్టానన్నాను. అయితే నలభై సెట్లు పంపమన్నారు. ఆ సాయంత్రం అల్లుడు షెడ్డు నుంచి వస్తూ చేపలు తెచ్చాడు. వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకతనికి కబురు పెట్టాడు. కార్డులు ఎనిమిది నెలలని అచ్చుకిచ్చాడు.

ఫిబ్రవరి మూడున, పాత పేజీలు తిప్పుతుంటే అమ్మాయి గొలుసుల తేదీలు మళ్లీ కంటబడ్డాయి. జనవరి ఆరు నుంచి జూన్ రెండు వరకు నాలుగు నెలల ఇరవై ఏడు రోజులు. జూన్ రెండు నుంచి అక్టోబరు పంతొమ్మిది వరకు నాలుగు నెలల పదిహేడు రోజులు. అదే రకం గొలుసు, అదే పూత. నా మెడలో ఎనిమిది నెలలకు పైగా నిలిచింది, అమ్మాయి మెడలో ఐదు నెలలైనా లేదు.

అమ్మాయిది అబద్ధమని చూపించడానికి ఆ తేదీలు తీశానే గాని అవి ఏం చెబుతున్నాయో చదవలేదు. ఆ అంకెలు నేనే రాశాను, నేనే ఎదుటివాళ్ల ముందు పెట్టాను, నేనే చూడలేదు. నా గొలుసు గుడివాడ కొళాయి నీళ్లలో మునిగింది, అవి కాలవ నుంచి వచ్చే మంచి నీళ్లు. అమ్మాయిది బందరు బోరు నీళ్లలో మునిగింది. ఇక్కడ ఆ నీళ్లతో సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి చార కడుతుంది. దివిసీమ సముద్రానికి ఇంకా దగ్గర. నేను చెప్పిన నిజం గుడివాడలో మాత్రమే నిజం.

ఈ సంగతి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ పుస్తకంలో ఉన్నాయి. అల్లుడు చేపలు తెచ్చిన మొహం గుర్తొచ్చి చెప్పలేదని అనుకోవడానికి ప్రయత్నించాను. అది సగం. మిగతా సగం, పందొమ్మిది మంది నటన అన్నప్పుడు నాకు పట్టిన కోపం ఇంకా దిగలేదు.

ఐదో తారీఖున చెప్పాను. అల్లుడు చాలాసేపు చేతిలో ఉన్న కార్డుల కట్టను సర్దుతూ కూర్చున్నాడు. ఆర్డరు పోతే షెడ్డు పోయినట్టే, అది ముగ్గురికీ తెలుసు. అమ్మాయి మాత్రం నా వైపే చూస్తూ అంది:

"మరి నాకూ నీకూ తేడా ఏముందత్తా? నేను జుట్టు చెదరగొట్టుకుని చెప్పాను, నువ్వు దువ్వుకుని చెప్పావు."

తేడా ఉందని వాదించవచ్చు. వాదించలేదు. దివిసీమ వెళ్లి చెప్పి వస్తానన్నాను. ఫోను చేస్తే చాలు కదా అని అల్లుడు అన్నాడు. ఫోనులో చెప్పిన మాటతోనే ఇంతదూరం వచ్చిందన్నాను. అతను షెడ్డుకు వెళ్లి, ఒక గొలుసుకి కొక్కెం దగ్గర ఇంకో రెండుసార్లు పూత వేసి తెచ్చి నా సంచిలో పెట్టాడు. ఇక అన్నిటికీ ఇలాగే వేస్తానన్నాడు.

ఫిబ్రవరి ఎనిమిది, ఆదివారం. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్లే బస్సెక్కాం, నేనూ అమ్మాయీ. కిటికీ పక్కన కూర్చుని అమ్మాయి ఫోను తీసింది. తీసి, నా మొహం చూసి లోపల పెట్టేసింది.

ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. సెక్రటరీ గారు నా వయసావిడే, కళ్లద్దాలు నూలుదారంతో మెడకు కట్టుకున్నారు, ఒళ్లో మినిట్సు పుస్తకం ఉంది. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి మూడు నిమిషాల్లో చెప్పాను. గొలుసు ఎక్కడ వేసుకున్నానో చెప్పాను, ఏ నీళ్లతో స్నానం చేశానో చెప్పాను, మీ నీళ్లకి ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదని చెప్పాను. వెనక వరసలో ఒకావిడ దగ్గింది. తర్వాత ఇంకొకరు. అవి దగ్గులు కావు, నవ్వులు.

"మా నీళ్ల సంగతి మాకు తెలియదా అమ్మగారూ? మా ఊరొచ్చే ఏ వస్తువు మీద ఎన్ని నెలలు రాసున్నా సగం తీసేసే కొంటాం. మీది నాలుగు నెలలే లెక్కేసుకున్నాం" అన్నారు సెక్రటరీ గారు. పుస్తకం తిప్పి చూపించారు. జనవరి ఇరవై ఎనిమిది తేదీ కింద, "బందరు గొలుసులు, వాళ్ల మాట ఎనిమిది, మన లెక్క నాలుగు" అని ఉంది.

ఏడాది అని చెప్పిన మా అమ్మాయి మాటలో సగం తీసేస్తే ఆరు. ఎనిమిది అని చెప్పిన నా మాటలో సగం నాలుగు. వాళ్ల దృష్టిలో మేమిద్దరం ఒకే బడిలో చదివాం. అమ్మాయి నా పక్కన తల దించుకుని ఉంది గాని భుజాలు ఊగుతున్నాయి.

నవ్వడం అయ్యాక వాళ్లు పని మాట్లాడారు. మేం లెక్కేసుకున్న నాలుగు నెలలు కూడా తెలియదని మీ నోటితోనే అన్నారు కాబట్టి ఆర్డరు కూడా సగమే అన్నారు. కూడిక రోజున ముందు వరసలో పాడే ఇరవై మందికి చాలట. సంచిలో తెచ్చిన గొలుసు సెక్రటరీ గారు అక్కడే మెడలో వేసుకున్నారు. నాలుగు నెలలు నిలిస్తే మిగతా ఇరవై తీసుకుంటారు. తేదీలు ఆవిడే రాస్తానన్నారు. నాకంటే చక్కటి చేతిరాత.

తిరిగి వస్తూ, వీడియోలో విన్నవాళ్లందరికీ కూడా చెప్పాలన్నాను. అమ్మాయి చల్లపల్లి బస్టాండులో టీ తాగుతూ ఫోను ఎదురుగా పెట్టుకుని ఒక్కసారికే చెప్పేసింది. ఏడాది అన్నది తప్పు, నాది మూడో గొలుసు, అత్త చెప్పింది గుడివాడ నీళ్లకి, బందరులో ఐదు నెలలు కూడా రాదు, దివిసీమలో ఇంకా తెలియదు. జుట్టు బస్సు గాలికి చెదిరింది, ఎవరూ లాగలేదు.

దానికి చాలా పేరొచ్చింది. నిజాయితీ అంటే ఇదీ అన్నారు. పది రోజులు తిరిగేసరికి క్షమాపణ చెప్పడం ఒక పద్ధతయిపోయింది. ఇలాంటి నగలు అమ్మే ఆడపిల్లలు ఒక్కొక్కరూ చెమ్మ గోడల దగ్గర నిలబడి క్షమించమంటున్నారు. మా వీధి చివర ఉన్న ఇంకో పూత షెడ్డావిడ కూడా చెప్పింది. ఏం తప్పు చేశావమ్మా అని అడిగాను. ఇంకా అనుకోలేదండీ, ముందు చెప్పేశానంది. అమ్మాయిని మాత్రం వారం వారం ఒక క్షమాపణ చెప్పమని అడుగుతున్నారు. వారానికో తప్పు చేయడం మా ఇంట్లో కుదరదని చెప్పమన్నాను. అలాగే చెప్పింది. కొంతమంది వెళ్లిపోయారు.

అల్లుడు ఎనిమిది నెలల కార్డులు చించేశాడు. కొత్త కార్డు మీద మూడు గీతలున్నాయి: గుడివాడ నీళ్లకి, బందరు నీళ్లకి, దివిసీమ నీళ్లకి. మొదటి రెండింటిలో అంకెలున్నాయి, మూడోది ఖాళీ. ఆ గీత నిండేదాకా షెడ్డు మూయనన్నాడు. విజయవాడ షాపువాళ్లకి ఆ మాటే చెప్పాడు. వాళ్లకి ఏమీ అర్థమైనట్టు లేదు.

సెక్రటరీ గారు ప్రతి ఆదివారం ఒక మెసేజీ పంపుతారు. రోజుల సంఖ్య, కొక్కెం సంగతి, అంతే. ఈ జూన్ ఎనిమిదికి నాలుగు నెలలు నిండాయి. తొమ్మిదిన మిగతా ఇరవై సెట్లకు కబురు వచ్చింది. కొక్కెం దగ్గర ఇంకా బంగారు రంగే ఉందట. అమ్మాయి చదివి వినిపించి, కార్డు మీద మూడో గీత నింపేద్దామా అంది. రంగు దిగలేదు కదా, అప్పుడే ఎలా నింపుతాం, అదీగాక నేను చూడలేదన్నాను. అల్లుడు నవ్వి, రెండో పనివాడికి కూడా కబురు పెట్టడానికి లేచాడు.

నా పుస్తకంలో ఆ పదిహేడు ఆదివారాలూ పెన్సిల్లోనే ఉన్నాయి. వచ్చే మంగళవారం సెట్లు పట్టుకుని అవనిగడ్డ బస్సెక్కుతున్నాను. సిరా పెన్ను సంచిలో పెట్టుకున్నాను.